పంపింగ్ తగ్గిన గుండెకు నడక: నాడులు నెమ్మదించేలా వ్యాయామం ఎలా చేయాలి

ఎకో రిపోర్టులో ఈఎఫ్ (గుండె ఒక్కో చప్పుడుకు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోడుతోందో చెప్పే అంకె) 30 అనో 35 అనో కనిపించగానే మన ఇళ్ళలో జరిగేది ఒకటే. ఆ మనిషిని మంచానికి అప్పగించేస్తారు. వీధి చివరి దాకా వెళ్ళనివ్వరు, చెంబుడు నీళ్ళు ముంచుకోనివ్వరు. "మేమంతా ఉన్నాం కదా, నువ్వు కదలకు" అంటారు. అది ప్రేమే, కాదనను. కానీ దీర్ఘకాలిక గుండె వైఫల్యంలో, అంటే గుండె తగినంత రక్తం తోడలేని ఈ జబ్బులో, ఆ మంచమే జబ్బును ముదురుస్తుంది. పరిస్థితి నిలకడగా ఉన్న రోగికి, మందులతో పాటు, కొలత ప్రకారం వ్యాయామం కూడా చేయించాలని నేటి వైద్య మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రత్యేక గుండె పునరావాస కేంద్రానికి వారానికి మూడుసార్లు వెళ్ళి రావడం చాలామందికి కుదరని పని. అందుకే ఇంటి దగ్గర, డాక్టరు అనుమతితో, ఎలా మొదలుపెట్టాలో రాస్తున్నాను. రోగి చదివినా, పక్కన ఉండి చూసుకునే భార్యో కొడుకో కోడలో చదివినా సరే.

ముందు, బాగుపడేది ఏమిటో తెలుసుకోండి

నడిస్తే ఈఎఫ్ పెరుగుతుందని చాలామంది ఎదురుచూస్తారు. మూడు నెలలు నడిచి, మళ్ళీ ఎకో తీయించుకుని, అంకె మారలేదని నిరాశపడి మానేస్తారు. కొందరిలో ఈఎఫ్ కొద్దిగా పెరగవచ్చు, కానీ నడవాల్సింది దాని కోసం కాదు. అసలు మార్పు వచ్చేది నాడుల్లో, కాళ్ళ కండరాల్లో.

గుండె తగినంత రక్తం తోడలేకపోతే ఆ కబురు మెదడుకు చేరుతుంది. మెదడు సింపథెటిక్ నాడులను రంగంలోకి దించుతుంది. ప్రమాదం ఎదురైనప్పుడు గుండెను వేగంగా కొట్టించేవి, రక్తనాళాలను బిగించేవి ఈ నాడులే. ఉప్పును, నీటిని పట్టి ఉంచమని మూత్రపిండాలకు చెప్పేవీ ఇవే. ఒక గంట ఆపదలో ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. గుండె వైఫల్యంలో మాత్రం ఇది రాత్రింబవళ్ళు ఆగకుండా సాగుతుంది. అలసి కూలబడుతున్న ఎద్దును ముల్లుగర్రతో పొడుస్తూ నడిపించడం లాంటిదే ఇది: నాలుగడుగులు వేస్తుంది, తర్వాత ఇంకా త్వరగా కూలుతుంది. గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి పట్టు కూడా ఈ లోపు సడలిపోతుంది. ఈ నాడులు విడుదల చేసే నారడ్రినలిన్ అనే రసాయనం రక్తంలో ఎక్కువగా ఉన్న రోగులు తక్కువ కాలం బతుకుతున్నారని 1984లోనే అమెరికా పరిశోధకులు గమనించారు. బీటా బ్లాకర్ మాత్రలు అడ్డుకునేది గుండె మీద ఈ నాడుల ప్రభావాన్నే.

ఇందులో కాళ్ళకేం సంబంధం అంటారా? వాడకం లేని తొడ కండరం చిక్కిపోతుంది. దానికి రక్తం అందేది తక్కువ, ఉన్న ప్రాణవాయువును వాడుకునే శక్తీ తక్కువ. పది అడుగులు వేసేసరికి కండరంలో ఆమ్లాలు పేరుకుంటాయి. కండరం లోపలి నాడీ కొసలు ఆ సంగతిని వెంటనే మెదడుకు చేరవేస్తాయి. మెదడు ఊపిరిని వేగిరపరుస్తుంది, నాళాలను ఇంకా బిగిస్తుంది. బిగిసిన నాళాల్లోకి రక్తం నెట్టలేక గుండె మరింత అలసిపోతుంది. ఒకే ఈఎఫ్ ఉన్న ఇద్దరిలో ఒకరు బజారుకు వెళ్ళి కూరలు తెచ్చుకుంటే, మరొకరు స్నానాల గది దాకా వెళ్ళేసరికే ఆయాసపడడానికి ఇదొక కారణం. అంటే కాళ్ళ కండరం కోలుకుంటే మెదడుకు వెళ్ళే ఆ అలజడి కబుర్లు తగ్గుతాయి.

ఈ అలజడిని నేరుగా కొలిచి చూశారు. మోకాలికి కాస్త కింద, కాలి బయటి వైపు, ఎముక మీదుగా ఒక నాడి వెళుతుంది. వేలితో నొక్కి చూస్తే ఆ ఎముక బొడిపె మీకే తగులుతుంది. అక్కడ చాలా సన్నని సూదిని నాడిలోకి దింపి యంత్రానికి కలిపితే, కండరాల్లోని రక్తనాళాలను బిగించమని వెళ్ళే సంకేతాలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. స్పీకరు పెడితే చప్పుడుగా వినిపిస్తాయి కూడా. విశ్రాంతిగా పడుకున్న ఆరోగ్యవంతుడిలో అవి కొన్ని గుండె చప్పుళ్ళకే వస్తాయి. గుండె వైఫల్యం ముదిరినవారిలో దాదాపు ప్రతి చప్పుడుకూ వస్తాయి. బ్రెజిల్‌లోని సావో పాలోలో కొందరు రోగులకు నాలుగు నెలలు, వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించారు. తర్వాత కొలిస్తే, విశ్రాంతిలో ఆ సంకేతాలు ఆరోగ్యవంతుల స్థాయికి దగ్గరగా దిగివచ్చాయి. ఆ ఫలితాలు 2003లో వెలువడ్డాయి. బీటా బ్లాకర్ వాడుతున్నవారిలోనూ వ్యాయామం వల్ల ఈ తగ్గుదల అదనంగా వస్తుందని అదే దేశం నుంచి 2007లో మరో అధ్యయనం చూపింది. కాబట్టి మాత్రలు వేసుకుంటున్నాం కదా, నడక ఎందుకు అనుకోవద్దు. నడుస్తున్నాం కదా, మాత్రలు ఎందుకు అని అసలే అనుకోవద్దు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. 2009లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరీక్షలో 2331 మంది రోగులు పాల్గొన్నారు. వ్యాయామం వల్ల మరణాలు, ఆసుపత్రి చేరికలు కలిపి చూస్తే తగ్గుదల స్వల్పమే. కానీ వ్యాయామం సురక్షితమని, రోజువారీ జీవితం మెరుగుపడుతుందని తేలింది. అనుకున్నంత సేపు అనుకున్నన్ని రోజులు చేయలేకపోయినవారు ఆ పరీక్షలో చాలామందే ఉన్నారు. నా దృష్టిలో అసలు కష్టం అక్కడే ఉంది: మొదలుపెట్టడం కాదు, మానకుండా ఉండడం.

మొదటి పని: డాక్టరును అడగడం

"నడవొచ్చా?" అని మాత్రమే అడిగితే "నడవండి" అని ఒక్క మాట వస్తుంది. అది సరిపోదు. ఇలా అడగండి: నా పరిస్థితి ఇప్పుడు నిలకడగా ఉందా? వాల్వు బాగా ఇరుకైందా? గుండె లయలో తేడా ఉందా? నడకకు ముందు ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా? ఛాతీలో షాక్ ఇచ్చే పరికరం అమర్చి ఉంటే, గుండె ఏ వేగానికి చేరితే అది పని చేసేలా పెట్టారు, నా గుండె వేగం దానికి ఎంత తక్కువలో ఉండాలి?

ఇటీవలే గుండెపోటు వచ్చినా, పడుకున్నా కూర్చున్నా ఆయాసం ఉన్నా, కూర్చుని ఉండగానే ఛాతీ నొప్పి వస్తున్నా, కాళ్ళ వాపు పెరుగుతున్నా, జ్వరం ఉన్నా ఇంటి దగ్గర సొంతంగా మొదలుపెట్టకూడదు. ముందు ఆ సంగతి తేలాలి.

రెండో పని: తూకం, పుస్తకం

ఒక తూకం యంత్రం కొనండి. పొద్దున్నే మూత్రవిసర్జన తర్వాత, ఏమీ తినకముందు, దాదాపు ఒకే రకం బట్టలతో బరువు చూసి పుస్తకంలో రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే అది ఒంటికి పట్టిన కండ కాదు, నీరు. ఆ రోజు నడక ఆపి డాక్టరుకు ఫోను చేయాలి. ఈ ఒక్క అలవాటు చాలామందిని ఆసుపత్రి మంచం ఎక్కకుండా కాపాడగలదు. పిల్లల లెక్కల పుస్తకం చాలు. తేదీ, బరువు, ఎన్ని నిమిషాలు నడిచారు, ఆయాసం ఎలా ఉంది అని నాలుగు గళ్ళు గీయండి.

మూడో పని: మీ శక్తి ఎంతో కొలవడం

ఆసుపత్రిలో చేసే ఆరు నిమిషాల నడక పరీక్షను డాక్టరు సరేనంటే ఇంటి దగ్గరా చేయవచ్చు. గతుకులు లేని సిమెంటు రోడ్డు కావాలి. తాపీమేస్త్రీ టేపు తెప్పించి 30 మీటర్లు కొలవండి. అంత జాగా లేకపోతే 20 మీటర్లయినా సరే. రెండు కొసల దగ్గరా ముగ్గుపిండితో గీత గీయండి. మధ్యలో ఒక కుర్చీ వేయండి. పక్కన ఒకరు ఫోనులో సమయం చూస్తూ, ప్రతి మలుపుకూ పుస్తకంలో ఒక గీత పెడుతుండాలి. మీ మామూలు నడకతోనే వెళ్ళండి. ఆయాసం వస్తే ఆగండి, కూర్చోండి, తేరుకున్నాక లేవండి. గడియారం మాత్రం ఆపకూడదు. ఆరు నిమిషాలయ్యాక మొత్తం ఎన్ని మీటర్లో లెక్క కట్టండి.

మూడు వందల మీటర్ల లోపే వస్తే గుండె, కాళ్ళు రెండూ బాగా బలహీనపడ్డాయని అర్థం. అలాంటివారు తొలి వారాల్లో ఒంటరిగా నడవకూడదు. పక్కింటి వారి దూరంతో పోల్చుకోకండి. మీ అంకె మీతోనే పోటీ పడాలి.

నాలుగో పని: నడక మొదలుపెట్టడం

మొదటి వారం ఏకధాటిగా నడవొద్దు. అయిదు నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ మెల్లగా తిరిగి ఒళ్ళు వేడెక్కనివ్వండి. తర్వాత మూడు నిమిషాలు నడక, రెండు నిమిషాలు కూర్చోవడం. అలా మూడు విడతలు. చివర్లో మళ్ళీ అయిదు నిమిషాలు బాగా మెల్లగా అడుగులు. మూడు నిమిషాలు కూడా కష్టమైతే ఒక నిమిషంతో మొదలుపెట్టండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

చివరి అయిదు నిమిషాలు ఎందుకంటే, నడుస్తున్నప్పుడు కాళ్ళ నాళాలు విచ్చుకుని ఉంటాయి. టక్కున ఆగితే రక్తం కాళ్ళలోనే నిలిచి బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. బీపీ తగ్గించే మాత్రలు వాడేవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

రెండో వారం నుంచి ముందు నిమిషాలు పెంచండి, తర్వాత వారంలో రోజులు పెంచండి, వేగాన్ని అన్నిటికంటే చివర పెంచండి. ఈ వరుస తారుమారు చేయొద్దు. మూడు నిమిషాల విడత అయిదవుతుంది, అయిదు ఎనిమిదవుతుంది, కూర్చునే సమయం తగ్గుతుంది. చాలామందికి రెండు మూడు నెలల్లో వారానికి అయిదు రోజులు, రోజుకు 30 నిమిషాల దాకా చేరడం సాధ్యమే. నెమ్మదిగా చేరినా నష్టం లేదు. సైకిల్ తొక్కడం అలవాటున్నవారు నిలబెట్టిన వ్యాయామ సైకిలు వాడవచ్చు. 1992లో బ్రిటన్ పరిశోధకులు రోగుల చేత ఎనిమిది వారాలు ఇంట్లోనే సైకిలు తొక్కించి, సింపథెటిక్ నాడుల జోరు తగ్గిందని, వేగస్ నాడి పట్టు పెరిగిందని చూపారు.

"పొలం పని చేస్తూనే ఉన్నాను, ఇంకా నడకెందుకు?" అని అడిగేవారు మన దగ్గర ఎక్కువ. నాట్లకు వంగి ఉండడం, బస్తా ఎత్తడం, బోరింగు కొట్టడం వేరు. వాటిలో ఊపిరి బిగపడతారు, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, మధ్యలో ఆగడం మీ చేతిలో ఉండదు. నాడులు నెమ్మదించాలంటే ఒకే తీరుగా సాగే కదలిక, ఎప్పుడంటే అప్పుడు ఆపగలిగే కదలిక కావాలి.

ఎంత గట్టిగా నడవాలి?

నాడి పట్టుకుని వేగం లెక్కపెట్టడం ఇక్కడ అంతగా పనికిరాదు. కార్వెడిలాల్, మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ లాంటి మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు కాబట్టి, ఎంత కష్టపడినా అంకె తక్కువగానే కనిపిస్తుంది. మాటనే కొలతగా పెట్టుకోండి. నడుస్తూ పక్కవారితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. పాట పాడగలుగుతుంటే కాస్త వేగం పెంచవచ్చు. రెండు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే తగ్గించండి. డాక్టర్లు వాడే శ్రమ కొలమానం 6 నుంచి 20 దాకా ఉంటుంది. అందులో 11 నుంచి 13 మధ్య మీరుండాలి, అంటే తేలికకీ కాస్త కష్టానికీ మధ్య. నడక ముగిసిన కాసేపటికి ఆయాసం పూర్తిగా తగ్గాలి. మర్నాడు పొద్దున్న ఒళ్ళు బరువుగా, నీరసంగా ఉంటే నిన్నటి మోతాదు ఎక్కువైందని లెక్క.

అయిదో పని: తొడలకు బలం

నెల రోజుల నడక కుదురుకున్నాక, వారానికి రెండు రోజులు చేర్చండి. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతుల సాయం లేకుండా లేచి నిలబడి, మళ్ళీ మెల్లగా కూర్చోండి. అయిదారుసార్లు చాలు. గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించండి. అర లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని మోచేతులు మడిచి చాపండి. లేచేటప్పుడు, ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. ఊపిరి బిగబట్టి ఏదీ చేయకూడదు. లెక్క పైకి చదువుతూ చేస్తే బిగబట్టడం కుదరదు.

ఊపిరి

నిమిషానికి ఆరుసార్లు, అంటే అయిదు సెకన్లు పీల్చి అయిదు సెకన్లు వదిలేలా నెమ్మదిగా శ్వాసిస్తే, మెడలోని పెద్ద ధమనుల దగ్గర రక్తపోటును పసిగట్టే నాడుల స్పందన మెరుగవుతుందని గుండె వైఫల్యం ఉన్నవారిలోనే చూశారు. సాయంత్రం కుర్చీలో ఆనుకుని పది నిమిషాలు చేయండి. ప్రాణాయామం అలవాటున్నవారు ఊపిరి నిలిపి ఉంచడం, కపాలభాతిలా విసురుగా వదలడం మానుకోవాలి.

మన ఊళ్ళలో ప్రత్యేకంగా చూసుకోవలసినవి

తీరం వెంట ఎండ కంటే ఉక్కపోత ప్రమాదం. చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు, చర్మానికి రక్తం పంపడానికే గుండె అదనంగా శ్రమపడాల్సి వస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా సూర్యోదయానికి ముందే ముగించండి, కుదరకపోతే ఇంటి వరండాలో నడవండి. కళింగపట్నం, చింతపల్లి తీరాల్లో మెత్తటి ఇసుక మీద నడక చూడడానికి హాయిగా ఉంటుంది కానీ, అదే దూరానికి శ్రమ చాలా పెరుగుతుంది. గట్టి నేల చూసుకోండి. విజయనగరంలో పెద్ద చెరువు గట్టు, కోట చుట్టూ వీధులు, శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డు బాగుంటాయి, వాహనాల రద్దీ లేని వేళ చూసుకుంటే. రామతీర్థం మెట్ల లాంటివి డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప వద్దు.

తిన్న వెంటనే నడవకండి, గంటన్నర ఆగండి. నీరు పోయే మాత్ర వేసుకున్నాక మొదటి రెండు మూడు గంటలు మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాలి కాబట్టి, నడక ముందే ముగించుకుంటే ఆడవాళ్ళకు ముఖ్యంగా ఇబ్బంది ఉండదు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో బెల్లం ముక్కో పంచదారో పెట్టుకోవాలి.

చద్దన్నంలో ఆవకాయ, ఎండు చేపల పులుసు మనకు ప్రాణమే. కానీ నడకతో నాడులను నెమ్మదింపజేస్తూ, ఉప్పుతో ఒంట్లో నీరు నింపితే ఫలితం నిలవదు. రోజు మొత్తానికి అన్నీ కలిపి ఒక టీస్పూను ఉప్పు మించకూడదు. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, కొన్ని గుండె మాత్రలు వాడేవారికి అది ప్రమాదకరం. డాక్టరును అడగకుండా కొనకండి.

ఉద్దానంలో గుండె, మూత్రపిండాలు రెండూ బలహీనపడినవారు ఉంటారు. కవిటి, సోంపేట, పలాస వైపు ఉన్నవారు నడక మొదలుపెట్టేముందు మూత్రపిండాల డాక్టరుతోనూ మాట్లాడాలి. డయాలిసిస్ జరిగిన రోజు విశ్రాంతి తీసుకుని, మిగతా రోజుల్లో నడవడం మంచిది.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇది: నడక మొదలుపెట్టిన కొత్తలో మోకాళ్ళు నొప్పి పుడతాయి. వెంటనే మందుల దుకాణానికి వెళ్ళి డైక్లోఫెనాకో ఇబుప్రొఫెనో కొని వేసుకుంటారు. ఆ మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. నాలుగు రోజుల్లో కాళ్ళు వాచి ఆయాసంతో ఆసుపత్రికి చేరుతారు. నింద మాత్రం నడక మీద పడుతుంది. దుకాణంలో "నాకు గుండె వైఫల్యం ఉంది" అని ముందే చెప్పండి. నొప్పికి ఏది వాడాలో మీ డాక్టరే చెప్పాలి. అంతవరకు చెప్పులు మార్చి చూడండి, వేగం తగ్గించండి.

ఎక్కడ ఆగాలి

ఛాతీలో నొప్పి లేదా బరువు, కళ్ళు తిరగడం, గుండె గతి తప్పి దడదడలాడడం, చల్లటి చెమట, మాట రానంత ఆయాసం: వీటిలో ఏది వచ్చినా అక్కడే కూర్చోండి. ఇంటికి వెళ్ళి చూద్దాంలే అని నడవకండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టరు ఇచ్చి ఉంటే కూర్చునే వాడండి. అయిదు నిమిషాల్లో తగ్గకపోయినా, స్పృహ తప్పినా 108కి ఫోను చేయాలి. అందుకే ఫోను, మాత్రల చీటీ జేబులో ఉండాలి.

మధ్యలో ఆగిపోతే

వరినాట్లు, పెళ్ళిళ్ళు, సిరిమానోత్సవం, జ్వరం, ఆసుపత్రి చేరిక, ఏదో ఒకటి నడకను ఆపుతుంది. వ్యాయామం వల్ల నాడులకు వచ్చిన నెమ్మది నిల్వ ఉండేది కాదు. మానేసిన కొన్ని వారాల్లోనే జారిపోతుంది. అయిదారు రోజులు ఆగితే సగం నిమిషాలతో మళ్ళీ మొదలుపెట్టండి. రెండు వారాలు దాటితే మొదటి వారం పద్ధతికే వెళ్ళండి. ఆసుపత్రిలో చేరి వచ్చినవారు డాక్టరు చెప్పేదాకా ఆగాలి, చెప్పకపోతే వారే అడగాలి. ప్రతి మూడు నెలలకు అదే రోడ్డు మీద, అదే వేళకు ఆరు నిమిషాల దూరం మళ్ళీ కొలిచి, ఆ పుస్తకాన్ని తర్వాతి చెకప్‌కు తీసుకెళ్ళండి. మాత్రల మోతాదు మార్చాలా వద్దా అన్నది తేల్చడానికి ఎకో అంకెతో పాటు ఆ గళ్ళు కూడా డాక్టరుకు పనికొస్తాయి.